చందమామ మీద యుద్ధం, కోర్టుకెక్కిన పళ్లపొడి

నవల వయసెంత అని అడిగితే చాలామంది సెర్వాంటిస్ దగ్గరో, ఇంగ్లండు పద్దెనిమిదో శతాబ్దం దగ్గరో మొదలుపెట్టి మూడు నాలుగు వందల ఏళ్లని లెక్క చెబుతారు. కానీ నవల చేసే కొంటెపనుల్లో చాలా మటుకు అంతకు పదిహేను వందల ఏళ్ల ముందే వెక్కిరింతరాయుళ్లు చేసిపెట్టారు. వాళ్లందరూ పట్టుకున్న కిటుకు ఒకటే. రోజూ చూసే లోకాన్నే మనిషి ఎన్నడూ నిలబడని చోట నిలబడి చూడటం. చందమామ మీద నుంచి, గాడిద తోలు లోపలి నుంచి, సమాధి అడుగు నుంచి. ఆ వరసలో రికార్డుకెక్కినవీ, ఎక్కాల్సి ఉండీ ఎక్కనివీ కొన్ని ఇక్కడ.

బతుకుతెరువులన్నిటినీ తిట్టిన బడిపాఠం

దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటి ఈజిప్టు. దువా ఖేతి అనే తండ్రి కొడుకు పేపిని పడవెక్కించుకుని రాజధానిలో బడికి తీసుకెళుతున్నాడు. దారి పొడుగునా ఒకటే పోరు: రాయసం నేర్చుకో నాయనా, తక్కిన పనులేవీ మనిషి చేసేవి కావు. రాగిపని చేసేవాడి వేళ్లు మొసలి తోలులా మొద్దుబారిపోతాయి, వాడి ఒంటి నిండా చేపగుడ్ల కంపు. మంగలి గడ్డాల కోసం వీధి వీధీ తిరగాలి. కుమ్మరి బతికుండగానే మట్టిలో కూరుకుపోయాడు. నేతగాడు మోకాళ్లు గుండెలకు ఆనించుకుని గదిలో పడి ఉంటాడు, కాస్త వెలుతురు చూడాలంటే కావలివాడి చేతిలో రొట్టె పెట్టాలి. చాకలికి ఏటి ఒడ్డున మొసలే ఇరుగుపొరుగు. పైన అజమాయిషీ లేనివాడు ఒక్క రాయసగాడేనట.

పండితులు దీనికి ‘వృత్తుల వ్యంగ్యం’ అని పేరు పెట్టారు. మనకు దొరికిన అతి పాత వ్యంగ్య రచనల్లో ఇదొకటి. తర్వాతి శతాబ్దాల్లో బడిపంతుళ్లు దీన్నే పిల్లల చేత దస్తూరీ పాఠంగా రాయించారు. కుండపెంకుల మీద, రాతిచెక్కల మీద, పపైరస్ మీద వందకు పైగా ప్రతులు దొరికాయి. వాటిలో చాలా భాగం తప్పుల తడక. కొన్ని వాక్యాలకు ఈనాటికీ అర్థం తేలడం లేదు. రాతపనికి మించింది లేదని చెప్పే పాఠాన్ని ఇంత అధ్వానంగా రాసి పారేసిన ఆ పిల్లలే, నన్నడిగితే, అసలు వ్యంగ్య రచయితలు.

బాబిలోనియా భాషలో తీసిన తొలి సినిమా

నిప్పూరు పట్టణంలో గిమిల్ నినుర్త అనే కటిక పేదవాడు ఒంటి మీది బట్ట అమ్మి మేకను కొన్నాడు. వండుకు తినే స్తోమత లేక దాన్ని తీసుకెళ్లి నగరాధికారికి కానుక ఇచ్చాడు, విందుకు పిలవకపోతాడా అని. అధికారి వాడి చేతిలో ఎముక, నరాల ముక్క పెట్టి, నాసిరకం బీరు పోసి గెంటించేశాడు. ఒక్క అవమానానికి మూడు దెబ్బలు బాకీ తీరుస్తానని పేదవాడు కావలివాడితో కబురు పెట్టాడు.

మొదటిసారి రాజుగారి దగ్గర రథమూ మంచి బట్టలూ అద్దెకు తెచ్చుకుని రాజోద్యోగి వేషంలో దిగాడు. పెట్టెలో రెండు పిట్టలు పెట్టి, అది రాజుగారి బంగారమని చెప్పి, రాత్రి తానే మూత తీసి వాటిని వదిలేసి, పొద్దున్నే దొంగతనం జరిగిందని అధికారిని చావబాది, పైగా రెండు మినాల బంగారం వసూలు చేసుకున్నాడు. రెండోసారి ఇసిన్ నుంచి వచ్చిన వైద్యుణ్ణంటూ వచ్చి, చీకటి గదిలో చేయాల్సిన చికిత్స అని చెప్పి మళ్లీ బాదాడు. ముచ్చటగా మూడోసారి ఇంట్లో జనాన్నంతా వీధిలోకి పరిగెత్తించి, అధికారి ఒంటరిగా చిక్కగానే వంతెన కింద పని పూర్తిచేశాడు.

ఈ కథ రాసిన మట్టిపలకల్లో ముఖ్యమైనది క్రీ.పూ. 701 నాటిది. టర్కీలోని సుల్తాన్‌తెపె దిబ్బలో దొరికింది. 1956లో అచ్చుకెక్కింది. 2018లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం విద్యార్థులు, అధ్యాపకులు కలిసి దీన్ని బాబిలోనియా భాషలోనే చిన్న సినిమాగా తీశారు. ఆ భాషలో వచ్చిన మొదటి సినిమా అదే. రాజుల విజయగాథలు, ప్రళయకావ్యాలు అన్ని ఉండగా, తెరకెక్కే గౌరవం మేక పోగొట్టుకున్న పేదవాడికి దక్కింది.

171 అక్షరాల వంటకం

సాహిత్యంలో అతి పొడవైన మాటగా గిన్నిస్ పుస్తకం గుర్తించినది ఒక కూర పేరు. క్రీ.పూ. 391 ప్రాంతంలో ఏథెన్సు నాటకకర్త అరిస్టోఫనీస్ రాసిన ఒక ప్రహసనం చివర్లో వస్తుంది. చేప, మాంసం, రకరకాల పిట్టలు, తేనె, పులుసు అన్నీ కలిపి వండిన వంటకాన్ని ఒక్క సమాసంలో ఇరికించాడు. గ్రీకు లిపిలో 171 అక్షరాలు. మన ప్రబంధాల దీర్ఘసమాసాలు చదివి అలిసిపోయినవాళ్లకి ఇది ఓదార్పు కావచ్చు.

మాట కన్నా కథ ఇంకా వింతైనది. ఏథెన్సు ఆడవాళ్లు తెల్లవారుజామునే గడ్డాలు అతికించుకుని, మొగుళ్ల పైబట్టలు కప్పుకుని సభలో చేరి, అధికారం ఆడవాళ్లకు అప్పగించాలని ఓటేసేస్తారు. మొగవాళ్లు తొడుక్కోవడానికి బట్టల్లేక పెళ్లాల చీరల్లాంటివి చుట్టుకుని వీధిలోకి వస్తారు. లోకాన్ని తలకిందులు చేసి చూపించే ఈ పద్ధతి ఇక్కడితో ఆగలేదు. ఇరవై మూడు శతాబ్దాల తర్వాత అది గోదావరి ఒడ్డుకూ చేరింది. ఆ సంగతి తర్వాత.

అరిస్టోఫనీస్ రాసిన నలభై నాటకాల్లో మనకు నిండుగా మిగిలినవి పదకొండు. వాటిలో ఒకదాన్ని 1742లో మరో పండితుడితో కలిసి ఇంగ్లీషులోకి తెచ్చినవాడు హెన్రీ ఫీల్డింగ్. అదే ఏడాది ఆయన మొదటి పెద్ద నవల ‘జోసెఫ్ ఆండ్రూస్’ కూడా వచ్చింది. దాని ముందుమాటలో తాను రాస్తున్నది వచనంలో హాస్య ఇతిహాసం అని చెప్పుకుంటూ హోమరును సాక్ష్యానికి పిలిచాడు. హోమరు ‘మార్గిటీస్’ అనే హాస్యకావ్యం కూడా రాశాడని గ్రీకులు నమ్మేవాళ్లు. ఇలియడ్ విషాద నాటకానికి ఎలాంటిదో మార్గిటీస్ హాస్యానికి అలాంటిదని అరిస్టాటిల్ అన్నాడు. చిక్కల్లా, ఆ కావ్యం ఏవో కొన్ని తునకలు తప్ప మిగల్లేదు. ఇంగ్లీషు నవల తన వంశవృక్షంలో మూలపురుషుడిగా రాసుకున్నది ఎవరూ చదవని పుస్తకాన్ని.

ఒక్క పుస్తకమూ మిగలని గురువు

పోయిన పుస్తకాల్లో అందరికన్నా గట్టి రికార్డు మెనిప్పస్‌ది. క్రీ.పూ. మూడో శతాబ్దం మనిషి, ఊరు గదర, ఇప్పటి జోర్డాన్‌లోని ఉమ్ ఖైస్. బానిసగా బతుకు మొదలుపెట్టి, తర్వాత రోజువడ్డీ వ్యాపారం చేసి, ఆస్తంతా పోగొట్టుకుని ఉరేసుకున్నాడని డయోజనీస్ లేర్షియస్ రాశాడు. ఆయన చెప్పేవన్నీ నమ్మాలని లేదు, కానీ లోకంలో ఎవరినీ వదలకుండా ఆటపట్టించినవాడి జీవితచరిత్ర ఇంతకన్నా మర్యాదగా ఎవరు రాస్తారు? పాతాళయాత్ర, దేవుళ్ల పేరిట ఉత్తరాలు, వీలునామాలు – ఇలాంటివి పదమూడు పుస్తకాలు రాశాడట. ఒక్కటీ లేదు. అయినా వచనమూ పద్యమూ కలగలిపి, స్వర్గానికో పాతాళానికో మనిషిని పంపించి, తత్త్వవేత్తల డొల్లతనం బయటపెట్టే రచనలన్నిటికీ ఆయన పేరే స్థిరపడింది: మెనిప్పియన్ వ్యంగ్యం.

రోములో ఆ బాట పట్టిన వారో (క్రీ.పూ. 116–27) మహా పండితుడు. ఈ తరహా పుస్తకాలు 150 రాశాడు. మిగిలినవి ఆరువందల దాకా ముక్కలు, అవీ ఎక్కువగా నోనియస్ అనే వ్యాకరణవేత్త పుణ్యం. ఆయనకు వారో హాస్యంతో పనిలేదు, అరుదైన మాటల కోసం వాక్యాలు కోసి దాచుకున్నాడు. ఆ ముక్కల్లో ఒక కథ ఇలా తేలింది: పదేళ్లప్పుడు నిద్రపోయినవాడు యాభై ఏళ్ల తర్వాత లేచి చూస్తే రోములో పాత నీతీ లేదు, పాత మనుషులూ లేరు. పైగా కొత్తవాళ్లు అరవై ఏళ్ల ముసలాడివి అని వాణ్ణే తప్పుపడతారు. అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ రిప్ వాన్ వింకిల్‌ని నిద్రపుచ్చింది 1819లో.

అబద్ధమని ముందే చెప్పి రాసిన యాత్ర

ఇప్పుడు అసలు మనిషి దగ్గరకు వద్దాం. లూషియన్ రెండో శతాబ్దం వాడు. ఊరు యూఫ్రటీసు ఒడ్డున సమొసాత. గ్రీకు ఆయన ఇంటి భాష కాదు, నేర్చుకున్న భాష. చదువు మానిపించి మేనమామ దగ్గర శిల్పం పనికి పెట్టారు. మొదటి రోజే చేతికిచ్చిన రాతిపలక పగలగొట్టాడు, మామ బెత్తం అందుకున్నాడు, కుర్రాడు ఏడుస్తూ ఇంటికి పరిగెత్తాడు. ఈ కథంతా ఆయనే రాసుకున్నాడు. ఆ పలక కాస్త గట్టిదయి ఉంటే గలివరు ఎలా ఉండేవాడో చెప్పలేం. సమొసాత ఇప్పుడు లేదు. టర్కీ కట్టిన అతాతుర్క్ ఆనకట్ట నీళ్ల కింద ఉంది.

ఆయన రాసిన ‘సత్యకథ’ చాలామంది చరిత్రకారుల లెక్కలో చందమామ మీదికి వెళ్లిన తొలి కల్పిత గ్రంథాల్లో ముఖ్యమైనది, తొలి వైజ్ఞానిక కల్పన అనేవాళ్లూ ఉన్నారు. ఆరంభంలోనే ఒప్పందం తేల్చేస్తాడు. ఇందులో నిజం ఒక్కటే, నేను అబద్ధం చెబుతున్నానన్నది. కనుక దయచేసి నమ్మకండి అని. చూడనివాటిని చూసినట్టు రాసిన చరిత్రకారులూ యాత్రికులూ ఆయన గురి.

యాభైమంది తోడుతో బయలుదేరిన ఓడను సుడిగాలి ఎత్తుకుపోతుంది. ఏడు రోజులు గాల్లో తేలి, ఎనిమిదో రోజున చందమామ మీద దిగుతుంది. అక్కడ రాజు ఎండీమియన్‌కీ, సూర్యుడి రాజు ఫేథన్‌కీ యుద్ధం జరుగుతోంది. వేగుచుక్క మీద ఎవరు వలస పెట్టాలన్నది తగాదా. చంద్రుడి వైపు మూడు తలల రాబందుల మీద రౌతులు, రెక్కల బదులు ఆకుకూరలున్న పిట్టలు, పన్నెండు ఏనుగులంత గోమార్లు. సాలీళ్లు చంద్రుడికీ వేగుచుక్కకీ మధ్య గూడు అల్లితే సేనలు దాని మీద నిలబడి పోరాడతాయి. చివరికి సూర్యుడివాళ్లు మధ్యలో గోడ కట్టేసి వెలుతురు ఆపేసేసరికి చంద్రుడు దిగొస్తాడు. సంధి పత్రం అచ్చం నిజం సంధిలాగే ఉంటుంది: ఏటా పదివేల జాడీల మంచు కప్పం, బందీల అప్పగింత, వేగుచుక్క మీద ఉమ్మడి వలస. ఆనాటి రాజ్యాల ఒడంబడికలు చదివినవాడు ఇక్కడ నవ్వాడంటే, మంచు జాడీలకు కాదు, మిగతా భాషకు.

ఆ తర్వాత 1,500 స్టేడియాల పొడవు తిమింగలం ఓడను మింగేస్తుంది. మన లెక్కలో దాదాపు 270 కిలోమీటర్లు. దాని కడుపులో అడవి ఉంది, గుడి ఉంది, ఇరవై ఏడేళ్లుగా కూరగాయలు పండించుకుంటున్న సైప్రసు ముసలాయన కూడా ఉన్నాడు. కడుపులో అడవికి నిప్పుపెట్టి బయటపడతారు. పుణ్యాత్ముల దీవిలో హోమరు కనిపిస్తే, మీది ఏ ఊరు స్వామీ, మూడు ఊళ్లు కొట్టుకు చస్తున్నాయి అని అడుగుతాడు. నాది బాబిలోను, అసలు పేరు టిగ్రానీస్ అంటాడాయన. కావ్యాన్ని కోపంతోనే ఎందుకు మొదలుపెట్టారంటే, అలా తోచింది అంతే అని జవాబు. ప్లేటో మాత్రం ఆ దీవిలో లేడు. తాను ఊహించిన రాజ్యంలో తానే కాపురం పెట్టాడట. ఒడిసియస్ భార్య చూడకుండా లూషియన్ చేతిలో ఉత్తరం పెడతాడు. కలిప్సోకి. నిన్ను వదిలి రావడం పొరపాటైందని.

రెండో భాగం చివర, ఇంకా చాలా ఉంది, తర్వాతి పుస్తకాల్లో చెబుతానని ముగించాడు. ఆ పుస్తకాలు రాలేదు. ఒక పాత రాతప్రతి అంచున ఎవరో లేఖకుడు ఒళ్లుమండి, అన్నిటికన్నా పెద్ద అబద్ధం ఇదే అని రాసిపెట్టాడు.

ఈ పుస్తకం చేతులు మారిన తీరు చూడండి. 1506లో థామస్ మోర్, ఎరాస్మస్ కలిసి లూషియన్ రచనల లాటిన్ అనువాదాలను పారిస్‌లో అచ్చేశారు. పదేళ్లకు మోర్ ‘యుటోపియా’ రాస్తే, అందులోని జనానికి లూషియన్ హాస్యమంటే ప్రాణం. ఖగోళవేత్త కెప్లర్ గ్రీకు నేర్చుకోవడానికి చదివింది ‘సత్యకథ’నే, ఆయన చనిపోయాక 1634లో అచ్చయిన ‘స్వప్నం’ కూడా చంద్రయాత్రే. 1726లో స్విఫ్ట్ రాసిన గలివరు యాత్రల మూడో భాగంలో, చచ్చినవాళ్లను పిలిపించే దీవిలో హోమరు మళ్లీ కనిపిస్తాడు. వెనకాల తన వ్యాఖ్యాతల గుంపు ఉంటుంది, వాళ్లలో ఒక్కణ్ణీ ఆయన గుర్తుపట్టడు. ఆ నవ్వు ఎవరి దగ్గర అప్పు తెచ్చిందో చెప్పనక్కర్లేదు.

చనిపోవడానికి రిహార్సలు

నీరో చక్రవర్తి కొలువులో అభిరుచులకు పెద్దగా పేరుపడ్డ పెట్రోనియస్ క్రీ.శ. 66లో రాజుగారి అనుమానానికి గురై మణికట్టు నరాలు కోసుకున్నాడు. కోసుకుని, కట్టు కట్టించుకుని, మళ్లీ విప్పించుకుంటూ, స్నేహితుల చేత తేలిక పద్యాలు చదివించుకు విన్నాడు. రాజుగారి చాటు వ్యవహారాలన్నీ పేర్లతో సహా జాబితా రాసి, ముద్ర వేసి నీరోకే పంపించాడు. ఆ ముద్ర ఇంకెవరి మీదికీ కుట్రకు పనికిరాకుండా ఉంగరం విరిచేశాడు. ఈ ముచ్చట చెప్పినవాడు టాసిటస్.

‘సాటిరికాన్’ ఈయనదేనని ఎక్కువమంది పండితుల మాట. మనకు దక్కింది పద్నాలుగు, పదిహేను, పదహారో పుస్తకాల నుంచి ముక్కలు. అందులో పెద్ద ముక్క ట్రిమాల్చియో విందు. పాత బానిస, కొత్త కోటీశ్వరుడు. పన్నెండు రాశుల పళ్లెం వస్తుంది. అడవిపంది పొట్ట కోస్తే బతికున్న పిట్టలు ఎగిరిపోతాయి. ఇంకో పంది రాగానే, పేగులు తీయకుండా వండావా అని వంటవాడి బట్టలు విప్పించి కొట్టబోతారు, అందరూ బతిమాలతారు, సరే ఇక్కడే కోయి అనగానే పొట్టలోంచి మాంసపు చుట్టలు రాలతాయి. ఆఖరికి తాగిన మైకంలో తన అంత్యక్రియలు తానే చూసుకోవాలనిపించి, ప్రేతవస్త్రాలు తెప్పించి, పడుకుని, బాకాలు ఊదమంటాడు. ఒకడు మరీ గట్టిగా ఊదేసరికి ఊరి అగ్నిమాపక దళం ఇల్లు అంటుకుందనుకుని గొడ్డళ్లతో తలుపులు పగలగొట్టుకుని వస్తుంది. ఆ సందట్లో కథ చెప్పేవాడు పారిపోతాడు.

ఈ విందు మొత్తం ఉన్న రాతప్రతి 1650 ప్రాంతంలో ఇప్పటి క్రొయేషియాలోని త్రోగిర్ పట్టణంలో బయటపడింది. 1664లో పాదువాలో అచ్చయితే పండితులు ఏళ్ల తరబడి అసలా నకలా అని పోట్లాడుకున్నారు. ఆ ప్రతి ఇప్పుడు పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉంది. అసలు వింత 1920లలో జరిగింది. ఎఫ్. స్కాట్ ఫిట్జెరాల్డ్ కొత్తగా డబ్బు చేసి రాత్రుళ్లు విందులిచ్చే ఒకడి కథ రాసి, ‘ట్రిమాల్చియో’ అనే పేరు మీద మోజు పడ్డాడు. ఎవరికీ నోరు తిరగదని చుట్టూ ఉన్నవాళ్లు నచ్చజెప్పారు. 1925లో అది ‘ది గ్రేట్ గాట్స్‌బీ’గా వచ్చింది. ముందటి ప్రూఫు పాఠాన్ని కేంబ్రిడ్జి ముద్రణాలయం 2000లో ‘ట్రిమాల్చియో’ పేరుతోనే వేసింది. ముద్రించిన నవల్లో కూడా ఆ పేరు ఒక్కచోట మిగిలింది, ఏడో అధ్యాయం మొదట్లో.

కోర్టుకెక్కిన పళ్లపొడి

పూర్తిగా మిగిలిన ప్రాచీన లాటిన్ నవల ఒక్కటే ఒక్కటి. దాని రచయిత అపులియస్ ఇప్పటి అల్జీరియాలోని మదౌరస్ వాడు. పుదెంతిల్లా అనే డబ్బున్న వితంతువును పెళ్లాడితే, ఆమె మొదటి అత్తవారి తరఫువాళ్లు మంత్రాలు వేసి వలలో వేసుకున్నాడని కేసు పెట్టారు. 158–59లో లిబియా తీరంలోని సబ్రాతాలో విచారణ. ఆధారాలేమిటంటే: చేపలు కొన్నాడు. అద్దం ఉంచుకున్నాడు. పళ్లపొడి గురించి పద్యం రాశాడు. అపులియస్ ఒక్కొక్కటీ తీసుకుని పొట్ట చెక్కలయ్యేలా జవాబిచ్చిన ప్రసంగం ఇప్పటికీ ఉంది. పళ్లు తోముకోవడం నేరమైతే, తోముకోనివాడి నోటి మాట ఎవరు వింటారని ఆయన వాదన సారాంశం. తీర్పు ఏమైందో రాసి లేదు గానీ, తర్వాత ఆయన బతికి బాగానే ఉన్నాడు.

నవలలో లూషియస్ అనే కుర్రాడు పక్షిగా మారాలని ఆశపడి, పనిపిల్ల తప్పు డబ్బీ తీయడంతో గాడిద అయిపోతాడు. గులాబీలు తింటే మళ్లీ మనిషి. అవి దొరికేసరికి పదకొండో పుస్తకం వస్తుంది. ఈలోగా దొంగలు, తోటమాలి, సిపాయి, వంటవాళ్లు, దొంగ పూజారులు – యజమాని మారినకొద్దీ ఊరు వేరే ముఖం చూపిస్తుంది. గాడిద ముందు ఎవరూ సిగ్గుపడరు కదా. తొమ్మిదో పుస్తకంలో తిరగలి దగ్గర కాసేపు ఆగి చదవాలి. కళ్లకు గంతలు కట్టి తిప్పే జంతువుల పక్కనే నుదుట ముద్ర వేసిన బానిసలు, చిరుగు పేలికలు, వీపుల నిండా కొరడా వాతలు, ఒంటి నిండా పిండి. రోము సాహిత్యంలో బానిసల పనిచోటును ఇంత దగ్గరగా చూపిన చోటు ఇంకొకటి దొరకడం కష్టం, చూపింది గాడిద.

ఇదే నవలలో లూషియస్ రాత్రి తాగి వస్తూ ముగ్గురు దొంగల్ని పొడిచి చంపానని భయపడతాడు. తీరా అవి గాలి నింపిన తోలుతిత్తులు, ఊరు ఊరంతా నవ్వుల పండగ కోసం ఆడించిన నాటకం. 1605లో డాన్ క్విక్సోట్ నిద్రలో రాక్షసుణ్ణనుకుని నరికింది కూడా ద్రాక్షసారా తోలుతిత్తులనే. అపులియస్ స్పానిషులోకి వచ్చింది 1513లో. 1554లో అచ్చయిన ‘లాజరిల్లో’లో ఒక బీద కుర్రాడు యజమాని తర్వాత యజమాని దగ్గర గాడిద చాకిరీ చేస్తూ స్పెయిను గుట్టంతా విప్పుతాడు. ఈసారి తోలు మనిషిదే. ఇక సెయింట్ అగస్టీన్ చిన్నప్పుడు మదౌరస్‌లోనే చదువుకున్నాడు. అపులియస్ నిజంగానే గాడిద అయ్యాడో, కల్పించాడో ఆయన తేల్చి చెప్పలేదు.

చిన్న చిన్న రికార్డులు

చచ్చిన రాజుకు ఒకే మనిషి రాసిన రెండు రకాల నివాళి: క్రీ.శ. 54లో క్లాడియస్ చనిపోతే నీరో చదివిన సంతాప ప్రసంగం సెనెకా రాసిపెట్టాడు. ఆ సెనెకా పేరు మీదే మరో రచన ఉంది. అందులో దేవతల సభ క్లాడియస్‌ను స్వర్గంలోంచి గెంటేస్తుంది, పాతాళంలో అడుగు లేని డబ్బాతో పాచికలాడమని శిక్ష పడుతుంది. రాజు గుమ్మడికాయగా మారడం అన్న అర్థం వచ్చే పేరు దానిది. దొరికిన పాఠంలో గుమ్మడికాయ ఊసే లేదు.

మిగిలిన అతి పాత జోకుల పుస్తకం: గ్రీకులో ‘ఫిలోగెలోస్’, నాలుగో అయిదో శతాబ్దం నాటిది, 265 జోకులు. నువ్వు అమ్మిన బానిస చచ్చిపోయాడయ్యా అని ఒకడు ఫిర్యాదు చేస్తే, నా దగ్గర ఉన్నన్నాళ్లూ ఎప్పుడూ అలాంటి పని చేయలేదే అంటాడు అమ్మినవాడు.

రాజుగారి ప్రహసనం, పెదవులు కలవని కథ

మన వైపు చూస్తే, స్వయంగా మహారాజు రాసిన వెక్కిరింత ఒకటుంది. ఏడో శతాబ్దం తొలినాళ్ల పల్లవ మహేంద్రవర్మ ‘మత్తవిలాస ప్రహసనం’. కంచిలో తాగిన కాపాలికుడి పుర్రె గిన్నె పోతుంది. బౌద్ధ భిక్షువు కొట్టేశాడని వీధిలో తగువు. దొంగ ఎవరయ్యా అంటే కుక్క. రాజధానిలోని మతాలన్నిటినీ రాజే ఆటపట్టించడం, అదీ తన ఊరి పేరు పెట్టి, ఇప్పటికీ కేరళ కూడియాట్టంలో ఆ నాటకం ఆడటం – ఏది ఎక్కువ వింతో చెప్పలేను.

దానికన్నా నవలకు దగ్గర చుట్టం భాణం. ఒకే నటుడు. విటుడు వేషంలో ఊరి వీధుల్లో నడుస్తూ, కనపడని మనుషులతో మాట్లాడుతూ, వాళ్ల జవాబులు తానే తిరిగి పలుకుతాడు. నగరమంతా ఒక్క గొంతులోంచి, ఆ గొంతుకున్న వంకరతోనే మనకు తెలుస్తుంది. ‘నేను’ అని చెప్పే నవలాకారుడు చేసేది అంతకన్నా ఏముంది? అలాంటి పాత భాణాలు నాలుగింటిని ‘చతుర్భాణి’గా 1922లో అచ్చులోకి తెచ్చిన ఇద్దరిలో ఒకరు మన మానవల్లి రామకృష్ణకవి, నన్నెచోడుడి ‘కుమారసంభవా’న్ని వెలికితీసిన పండితుడు. వాటిలో ‘పాదతాడితకం’ కథ ఇది: ఒక వేశ్య సరదాగా తల మీద తన్నితే, ఒక బ్రాహ్మణుడు దీనికి ప్రాయశ్చిత్తమేమిటని ఊరంతా అడుగుతూ తిరుగుతాడు. చివరికి ఆ ధర్మసందేహం తీర్చడానికి విటుల మహాసభ కూర్చుంటుంది.

దండి ‘దశకుమారచరితం’లో దొంగలు, జూదరులు, మోసపోయిన సన్యాసులు, మోసం చేసే రాకుమారులు. అందులో ఏడో కథ ఒక రికార్డు. కథ చెప్పే మంత్రగుప్తుడి పెదవిని ప్రియురాలు కొరికింది, కనుక ప, ఫ, బ, భ, మ లాంటి పెదవి తగిలే అక్షరాలు ఒక్కటీ లేకుండా కథంతా చెబుతాడు. శబ్ద విన్యాసానికి ఇంత పోకిరి కారణం ఇంకెవరూ చూపించలేదు. పదమూడో శతాబ్దంలో కేతన దీన్ని తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. పెదవులు కలవని కావ్యం తెలుగులో మరింగంటి సింగరాచార్యులూ రాశారు, కాకపోతే ఆయన చెప్పింది రామకథ.

కాశ్మీరపు క్షేమేంద్రుడు, పదకొండో శతాబ్దం, ‘నర్మమాల’ అని ఒక పుస్తకమంతా ప్రభుత్వ గుమాస్తాల మీదే ఖర్చుపెట్టాడు. ఏ కాలం పాఠకుడికైనా పాత్రలను గుర్తుపట్టడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు.

లిల్లీపుట్ నుంచి ఆడుమళయాళానికి

లూషియన్ ఓడ స్విఫ్ట్ రేవు దాటి రాజమండ్రి చేరింది. కందుకూరి వీరేశలింగం గలివరు యాత్రల నమూనా మీద ‘సత్యరాజా పూర్వదేశ యాత్రలు’ రాశారు. పేరులోనే సత్యం పెట్టుకుని అబద్ధాల యాత్ర చేయించడం లూషియన్ ఎత్తుగడే. పంతులుగారు ఆయన్ను చదివారనడం లేదు, స్విఫ్ట్ మీదుగా వచ్చిన వాసన. సత్యరాజు వెళ్లిన మొదటి దేశం ఆడుమళయాళం. అక్కడ పెత్తనం ఆడవాళ్లది. మగవాళ్లు చదువు లేక, గడప దాటక, భార్యే దైవమని బతుకుతారు. తెలుగు ఇంట్లో ఆడపిల్లకు చెప్పే నీతులన్నీ అక్కడ మగపిల్లలకు చెబుతారు. రెండో భాగంలో లంక, రాక్షసాకారుల మధ్య మనవాడు బొమ్మలా మిగులుతాడు.

ఆడవాళ్లకు జరిగే అన్యాయం గురించి పంతులుగారు ఉపన్యాసాల్లో ఎన్నోసార్లు సూటిగా అన్నారు. ఇక్కడ పాత్రలు తారుమారు చేసి ఊరుకున్నారు. ‘రాజశేఖర చరిత్రము’కున్న పేరులో పావు వంతు కూడా దీనికి రాకపోవడం అన్యాయం. చదవడానికి నాకు దీనిదే ఎక్కువ రుచి.

చచ్చినవాళ్ల కబుర్లు

లూషియన్ మృతుల సంభాషణలు ముప్పై రాశాడు. పాతాళంలో రాజులు కిరీటాల కోసం ఏడుస్తుంటే మెనిప్పస్ పక్కన నిలబడి పళ్లికిలిస్తుంటాడు. సిరియాలో 1033 ప్రాంతంలో అంధకవి అల్ మఅర్రీ తనకు ఉత్తరం రాసిన ఒక భాషాపండితుణ్ణి ఊహలో స్వర్గానికి పంపించాడు. పాపం ఆయన లోపలికి పోవడానికి నానా తంటాలు పడతాడు, పశ్చాత్తాప ధృవపత్రం జనసమ్మర్దంలో ఎక్కడో పారేసుకున్నాడు. అల్ మఅర్రీ చనిపోయింది 1057లో. ఆయన విగ్రహం తలను తీవ్రవాదులు 2013లో నరికేశారు.

దోస్తొయెవ్‌స్కీ 1873లో ‘బోబోక్’ అనే చిన్న కథ రాశాడు. ఒక తాగుబోతు రచయిత శ్మశానంలో రాతిపలక మీద కూలబడితే కింది నుంచి కబుర్లు వినిపిస్తాయి. సైన్యాధిపతి, గుమాస్తా, ఉన్నత కుటుంబపు స్త్రీ అందరూ పేకాట, హోదా, పాత రంకులు మాట్లాడుకుంటుంటారు. ఇంక సిగ్గెందుకు, అన్నీ విప్పి చెప్పేసుకుందాం అని తీర్మానించుకునే సమయానికి పైనున్నవాడు తుమ్ముతాడు. రష్యన్ విమర్శకుడు బఖ్తిన్ 1963లో తన దోస్తొయెవ్‌స్కీ పుస్తకాన్ని పెంచి రాసినప్పుడు, ఈ కథను మెనిప్పస్ వంశంలో మేలిమి ఉదాహరణగా నిలబెట్టాడు. ఒక్క పుటా మిగలని గదర వడ్డీవ్యాపారికి ఆధునిక నవలాశాస్త్రంలో పీట వేసింది ఆయనే.

చచ్చినవాడు స్వయంగా నవల రాసింది బ్రెజిల్‌లో. 1881లో పుస్తకంగా వచ్చిన మషాదు ది అసీస్ నవలలో బ్రాస్ కూబస్ సమాధిలోంచి ఆత్మకథ చెబుతూ, తన శవాన్ని మొదట కొరికిన పురుగుకు దాన్ని అంకితమిస్తాడు. యాభై అయిదో అధ్యాయం ప్రేమికుల సంభాషణ. ఇద్దరి పేర్లూ, ప్రశ్నార్థకాలూ, ఆశ్చర్యార్థకాలూ, చుక్కలూ మాత్రమే ఉంటాయి, మాట ఒక్కటీ ఉండదు. నూట ముప్పై తొమ్మిదో అధ్యాయం పేరు, నాకు మంత్రి పదవి ఎలా రాలేదంటే అన్న అర్థం వచ్చేది. అది మొత్తం వరసల కొద్దీ చుక్కలు.